బడికి ఎవరొస్తారు? - పంతుళ్ళ బదిలీల కథ

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, తెలుగు పేపర్ల జిల్లా ఎడిషన్లలో టీచర్ల బదిలీల వార్తలు మొదలవుతాయి. షెడ్యూలు వచ్చింది, వాయిదా పడింది, ఖాళీలు బ్లాక్ చేసారు, బ్లాకింగ్ ఎత్తెయ్యాలని ధర్నా చేసారు, సర్వరు మొరాయించింది, కోర్టు స్టే ఇచ్చింది... టీచర్ల ఇళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళకి (మన ఐటీ జనాల్లో వీళ్ళేం తక్కువ కాదు) ఈ మాటలన్నీ ఉగ్గుపాలతో వచ్చినవే. మిగతావాళ్ళకి మాత్రం ఇదేదో గవర్నమెంటు ఉద్యోగుల గొడవ, మనకెందుకులే అనిపిస్తుంది.

నాకు మాత్రం ఇది ఉద్యోగుల గొడవ కన్నా పెద్దదనిపిస్తుంది. కాస్త వెనక్కి వెళ్ళి ఈ బదిలీల చరిత్ర చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, "ఈ టీచరు ఎక్కడికి వెళ్ళాలి?". రెండోది, "ఈ బడికి ఎవరు రావాలి?". చూడ్డానికి రెండూ ఒకటే ప్రశ్నలా ఉంటాయి, కానీ కావు. నూరేళ్ళుగా మనవాళ్ళు మొదటి ప్రశ్నకి జవాబుని మెరుగు పరుచుకుంటూ వచ్చారు. రెండో ప్రశ్న అడిగింది చాలా తక్కువ.

నీళ్ళు లేని అడివి
------------------
"నిన్ను నీళ్ళు లేని అడివికి ట్రాన్స్‌ఫర్ చేయిస్తా" - ఈ డైలాగు వినని తెలుగువాడు ఉండడు. ఇది సినిమావాళ్ళు కనిపెట్టింది కాదు. దాని వెనక బోలెడు చరిత్ర ఉంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 లోకల్ బోర్డుల చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. ఊళ్ళల్లో బళ్ళు చాలావరకు వాటి కిందో, ఎయిడెడ్ యాజమాన్యాల కిందో ఉండేవి. 1920లో కొత్త లోకల్ బోర్డుల చట్టం వచ్చి, బోర్డుల పెత్తనం ఎన్నికైనవాళ్ళ చేతికొచ్చింది. అది మంచిదే. కాకపోతే ప్రెసిడెంటు గారికి జీతాలతోపాటు బదిలీలు కూడా చేతికొచ్చాయి. ఎన్నికల్లో అటువైపు మాట్లాడిన పంతులు, ప్రెసిడెంటు గారి బంధువుల పిల్లాణ్ణి ఫెయిలు చేసిన పంతులు మూటాముల్లె సర్దుకోవాల్సిందే. శంకరగిరి మాన్యాలు పట్టించటమంటే అదే. తాలూకా బోర్డులు 1934లో రద్దయ్యాయి గానీ ఆ అలవాటు రద్దు కాలేదు.

ఆంధ్రప్రదేశ్ వచ్చాక 1959 నవంబరు 1 నుంచి పంచాయతీరాజ్ మొదలైంది. ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితులకి, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తులకి వెళ్ళాయి. ఇప్పటికీ మనం "జెడ్పీ హైస్కూలు" అనేది అందుకే. అప్పట్నుంచీ సమితి ప్రెసిడెంటు, ఆయన వెనక ఎమ్మెల్యే. సిఫారసు ఉత్తరం ఉన్నవాడికి టౌను పక్క ఊరు, లేనివాడికి వాగు అవతల ఊరు. 1986 చట్టంతో సమితులు పోయి మండలాలు వచ్చాయి. బడి బోర్డు మీద పేరు మారింది, పైరవీ దారి మారలేదు.

ఈ కథలో ఒక చిన్న విషయం గమనించండి. బదిలీ అనేది ఒక శిక్ష అయినప్పుడు, ఆ శిక్ష పడే చోటు కూడా ఒకటి ఉండాలి కదా. ఆ చోట కూడా ఒక ఊరుంది, ఆ ఊళ్ళో ఒక బడి ఉంది, అందులో పిల్లలున్నారు. వాళ్ళకి వచ్చే పంతులు ఎవరంటే, ఎవరికో కోపమొచ్చి పంపించినవాడు. అతని ధ్యాసంతా ఇక్కణ్ణుంచి ఎప్పుడు బయటపడదామా అన్నదాని మీదే. అతన్ని తప్పు పట్టలేం. జైల్లో పడేసి, జైలుని ప్రేమించమంటే ఎలా?

యూనియన్లు దశాబ్దాలపాటు కొట్లాడింది ఈ పెత్తనం మీదే. ఆ పోరాటం న్యాయమైనదే. బదిలీకి ఒక పద్ధతుండాలి, సీనియారిటీ చూడాలి, ఖాళీలు అందరికీ తెలియాలి అన్నవి వాళ్ళు సాధించుకున్న విషయాలు. కానీ చూడండి, అవన్నీ మొదటి ప్రశ్నకి జవాబులు.

గిరి గీసిన జిల్లా
----------------
1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం అయ్యాక 1973లో 32వ రాజ్యాంగ సవరణతో 371డి అధికరణం వచ్చింది. దాని కింద 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. స్థానికులకి ఉద్యోగాలు దక్కాలన్నది దాని ఉద్దేశం. టీచర్లకి సంబంధించినంత వరకు చాలా పోస్టులకి జిల్లాయే యూనిట్టు అయింది. అంటే ఉద్యోగమూ, బదిలీ రెండూ జిల్లా గిరి లోపలే.

దీనివల్ల బదిలీల మీద పడ్డ ప్రభావం గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఏ బడికి ఎవరొస్తారన్నది ఆ జిల్లాలో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. పాత వరంగల్ జిల్లా తీసుకోండి. హనుమకొండ, వరంగల్ లాంటి పట్నం, ములుగు, ఏటూరునాగారం లాంటి అడివి ప్రాంతం ఒకే జిల్లాలో ఉండేవి. పట్నంలో ఎనిమిదేళ్ళు చేసినవాళ్ళని అటు, అక్కడ ఎనిమిదేళ్ళు చేసినవాళ్ళని ఇటు తిప్పే అవకాశం కనీసం కాగితం మీదన్నా ఉండేది.

2016లో తెలంగాణ జిల్లాలు చిన్నవయ్యాయి. 2019లో ములుగు విడిగా జిల్లా అయింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 33 జిల్లాలకీ ఉద్యోగుల్ని పంచడానికి 2021 డిసెంబరులో 317 జీవో వచ్చింది. పంచింది సీనియారిటీ ప్రకారం. సీనియర్లు ముందు కోరుకున్నారు, జూనియర్లు మిగిలిన జిల్లాలకి వెళ్ళారు. భార్య ఒక జిల్లాలో, భర్త ఒక జిల్లాలో పడ్డారని, సొంత జిల్లాకి శాశ్వతంగా దూరమయ్యామని రోడ్లెక్కారు. వాళ్ళ బాధ నిజమే. దాంతోపాటు ఇంకోటి కూడా జరిగింది. ములుగు జిల్లా టీచరుకి ఇప్పుడు మామూలు బదిలీల్లో వెళ్ళడానికి హనుమకొండ లేదు, హనుమకొండ టీచరుకి ములుగు లేదు. తిప్పడానికి చక్రం ఉండాలి కదా. చక్రాన్ని ముక్కలు చేసి పంచాక ఎక్కడ తిప్పుతాం?

ఇది చాలదన్నట్టు గవర్నమెంటు టీచర్లు వేరు, జెడ్పీ, మండల పరిషత్ టీచర్లు వేరు. ఇద్దరికీ ఒకే సర్వీసు రూల్సు తేవాలని 1998 నుంచీ జీవోలు, కేసులు. 2017లో రాష్ట్రపతి ఉత్తర్వులొచ్చాయి, 2018లో ఉమ్మడి హైకోర్టు కొట్టేసింది. పక్కపక్క వీధుల్లో ఉన్న రెండు సర్కారు బళ్ళ మధ్య కూడా గోడ ఉందన్నమాట.

తిప్పటం మానేసి, అక్కడి వాళ్ళనే పెడితే?
---------------------------------------
రెండో ప్రశ్నని, అంటే "ఈ బడికి ఎవరు రావాలి?" అన్నదాన్ని, మన ప్రభుత్వం ఒక్కచోట మాత్రం సూటిగా అడిగింది. ఏజెన్సీలో.

మైదానం నుంచి వచ్చే టీచర్లు కొండ మీద ఉండట్లేదు, బళ్ళు మూతబడి ఉంటున్నాయి, పిల్లల భాష వాళ్ళకి రాదు. కోయ, గోండి, కువి, సవర మాట్లాడే పిల్లాడికి మొదటిరోజే తెలుగు వాచకం ఇచ్చి చదవమంటే ఏం చదువుతాడు? అందుకని 1986 నవంబరులో 275 జీవో తెచ్చారు. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. దాన్ని ట్రిబ్యునల్ 1989లో కొట్టేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1998లో ప్రభుత్వమే అప్పీలు వెనక్కి తీసుకుంది. మళ్ళీ పకడ్బందీగా 2000 జనవరి 10న 3వ నంబరు జీవో తెచ్చింది. అదే నూరు శాతం. హైకోర్టు ఒప్పుకుంది. ఇరవై ఏళ్ళు అమల్లో ఉంది. చివరికి 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం, నూరు శాతం రిజర్వేషను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళని మాత్రం షరతుల మీద కదపలేదు.

తీర్పు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నేను చెప్పేది ఇంకోటి. ఇది బదిలీలకి పూర్తిగా వ్యతిరేకమైన పరిష్కారం. "ఎవర్నీ తిప్పొద్దు, అక్కడే పుట్టినవాణ్ణి అక్కడే పెట్టు" అన్నది. తిప్పటం ఎందుకు విఫలమైందో ఒప్పుకున్న పరిష్కారం కూడా. ఊరి భాష తెలిసినవాడు, ఊళ్ళో ఉండేవాడు కావాలంటే ప్రతి అయిదారేళ్ళకీ ఒకణ్ణి పంపించి ఇంకొకణ్ణి తెస్తే కుదరదు. కాబట్టి రొటేషన్ అన్నది సర్వరోగ నివారిణి కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి.

క్యూ వచ్చింది
-------------
మైదానంలో మాత్రం జవాబు వేరే దారిలో వచ్చింది. దాని పేరు కౌన్సిలింగు. ఎంసెట్ కౌన్సిలింగు లాంటిదే. ర్యాంకు ప్రకారం పిలుస్తారు, ఖాళీల్లోంచి కోరుకుంటావు. సిఫారసు ఉత్తరాల రోజులతో పోలిస్తే ఇది విప్లవమే. ఎమ్మెల్యే గారి గుమాస్తా చుట్టూ తిరగాల్సిన పన్లేదు, జాబితాలో నీ నంబరు చూసుకుంటే చాలు. (ప్రభుత్వ ఉత్తర్వులతో దొడ్డిదారి బదిలీలు, డెప్యుటేషన్లు పూర్తిగా పోలేదనుకోండి. అవి ఏ ప్రభుత్వం ఉన్నా వార్తల్లో ఉంటూనే ఉన్నాయి.)

రెండు రాష్ట్రాల్లోనూ నడిచిన పద్ధతి స్థూలంగా ఇదీ. ఒక బడిలో టీచరు గరిష్ఠంగా 8 ఏళ్ళు, హెడ్మాస్టరు 5 ఏళ్ళు. అది నిండితే ఇష్టం ఉన్నా లేకపోయినా ఖాళీ చెయ్యాలి. ఇదే మన తప్పనిసరి రొటేషన్. బళ్ళని నాలుగు కేటగిరీలు చేసారు. పట్నాలు ఒకటి, చిన్న టౌన్లు రెండు, రోడ్డున్న పల్లెలు మూడు, రోడ్డు సరిగ్గా లేనివి, కొండ మీదవి నాలుగు. ఏడాదికి వరసగా 1, 2, 3, 5 పాయింట్లు. మొత్తం సర్వీసుకి ఏడాదికి అర పాయింటు. ఎక్కువ పాయింట్లు ఉన్నవాళ్ళు ముందు కోరుకుంటారు.

లెక్క వేసి చూద్దాం, అలవాటే కదా :) పట్నంలో ఎనిమిదేళ్ళు చేసిన పాతికేళ్ళ సర్వీసు టీచరుకి 8 + 12.5 = 20.5. నాలుగో కేటగిరీలో ఎనిమిదేళ్ళు చేసిన పదేళ్ళ సర్వీసు టీచరుకి 40 + 5 = 45. కొండ మీదాయన ముందు కోరుకుంటాడు. బాగుంది కదా? ఎవరు రాసారో గానీ చక్కటి లెక్క. సీనియర్లకి పట్నాలు రాసిచ్చేసిన పద్ధతి కాదు ఇది.

మరి లోపం ఎక్కడుంది?

మొదటిది, రూలు బయల్దేరటం గురించే చెబుతుంది, చేరటం గురించి చెప్పదు. "ఎనిమిదేళ్ళయింది, ఈ బడి వదులు" అంటుంది. "సర్వీసులో ఒక్కసారన్నా నాలుగో కేటగిరీలో చెయ్యి" అనదు. ఒకటో కేటగిరీలోంచి లేచినాయన రెండుకో, మూడుకో వెళ్ళి, మళ్ళీ పాయింట్లు పోగేసుకుని ఒకటికి రావచ్చు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో వాగు దాటకుండా రిటైరైనా నిబంధనలేవీ ఉల్లంఘించినట్టు కాదు.

రెండోది, క్యూ పక్కన ఇంకో క్యూ. డెబ్భై శాతం పైగా వైకల్యం ఉన్నవాళ్ళు, వితంతువులు, కేన్సరు లాంటి జబ్బులున్నవాళ్ళు ముందు. తర్వాత స్పౌజు కోటా. ఇవన్నీ మానవత్వంతో పెట్టినవే, ఉండాల్సినవే. కానీ యూనియన్ నాయకులకీ అదనపు పాయింట్లు ఎందుకు? తెలంగాణలో 2023 జనవరిలో వచ్చిన 5వ నంబరు జీవోలో ఇవి 10 పాయింట్లు. అంటే నాలుగో కేటగిరీలో రెండేళ్ళు పనిచేసినంత. దాని మీద కేసు పడి, బదిలీలు నెలల తరబడి ఆగి, ఆగస్టు 30న హైకోర్టు ఆ పాయింట్లు లేకుండా జరుపుకోమంది.

మూడోది, ఇది క్యాలెండరు కాదు, పండగ. ప్రభుత్వం ప్రకటించినప్పుడే వస్తుంది. ఆంధ్రాలో 2017, 2020, 2023, 2025. తెలంగాణలో 2018 తర్వాత మొదలై ఆగి, చివరికి 2024 వేసవిలో పూర్తయింది. ఎనిమిదేళ్ళ గడియారం ఉంది గానీ కీ ఇచ్చే మనిషి ఇష్టం. ఆంధ్రా 2025లో దీన్ని చట్టంగానే చేసింది. ఇకనన్నా ఏటేటా సజావుగా జరిగితే సంతోషమే.

నాలుగోది, నాకు అన్నిటికన్నా విడ్డూరంగా కనిపించేది జీతం. ఈ కేటగిరీలు దేన్ని బట్టి చేసారు? ఇంటి అద్దె భత్యాన్ని బట్టి. ఎక్కువ హెచ్చారే వచ్చే ఊరు ఒకటో కేటగిరీ. తెలంగాణలో 2021 పీఆర్సీ తర్వాత ఈ భత్యం 24, 17, 13, 11 శాతం. పట్నంలో అద్దెలెక్కువ కాబట్టి భత్యం ఎక్కువ, అది సరే. కానీ మారుమూల బడికి వెళ్ళిన టీచరు చాలాసార్లు కాపురం టౌన్లోనే పెట్టి బస్సులో తిరుగుతాడు. పిల్లల చదువు టౌన్లో, అద్దె టౌన్లో, భత్యం మాత్రం పల్లెది, పైన బస్సు ఛార్జీలు. ఏజెన్సీ అలవెన్సు అని ఒకటుంది గానీ అది చిన్న మొత్తం. అంటే దూరం వెళ్ళేకొద్దీ చేతికొచ్చేది తగ్గుతుంది. నీళ్ళు లేని అడివికి పంపించటమే కాదు, జీతం కోసి మరీ పంపిస్తున్నాం.

చివరికి మిగిలేది
----------------
వాడు ముందు కోరుకుంటాడు, తర్వాత వీడు, తర్వాత ఇంకొకడు. ఇలాంటి పద్ధతిని అర్థశాస్త్రంలో సీరియల్ డిక్టేటర్‌షిప్ అంటారు. పేరు భయంకరంగా ఉంది గానీ పద్ధతి మంచిదే, అబద్ధం ఆడి లాభపడే వీల్లేదు. కాకపోతే ఇందులో కోరుకునేది ఒకవైపే. బడికి నోరు లేదు.

కోరుకోవటం అయ్యాక మిగిలిన ఖాళీలు ఏ ఊళ్ళల్లో ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. వాటిలోకి కొత్తగా డీఎస్సీ రాసి వచ్చినవాళ్ళు వెళతారు. వాళ్ళకి రెండేళ్ళు నిండి, పాయింట్లు జమ కాగానే మొదటి ఛాన్సులో లేచి వెళతారు. మళ్ళీ ఖాళీ, మళ్ళీ డీఎస్సీ దాకా విద్యా వాలంటీరు. నేను చదివిన జెడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి మొత్తం ఫిజిక్సు చెప్పే సారు లేరు. ఉన్న సారు బదిలీ మీద వెళ్ళారు, ఆయన చోటికి ఎవరూ కోరుకోలేదు, అంతే. ఎవరి తప్పూ లేదు. అందరూ రూల్సు ప్రకారమే చేసారు. లెక్కల టీచరే ఆ ఏడాది ఫిజిక్సు కూడా నడిపించారు.

ఖాళీలు బ్లాక్ చెయ్యటం ఎందుకంటే ఇందుకే. టౌను పక్క ఖాళీలు కొన్ని జాబితాలో చూపించకపోతే జనం మారుమూల ఖాళీల్ని కోరుకోక తప్పదని. 2020లో ఆంధ్రాలో దీని మీద పెద్ద ఆందోళనే జరిగింది. సర్కారు దృష్టిలో అది పల్లె బడిని కాపాడటం, టీచరు దృష్టిలో ఖాళీలు దాచి తర్వాత పైరవీకారులకి ఇచ్చుకోవటం. గతం చూసినవాళ్ళు అలా అనుమానించటంలో ఆశ్చర్యం లేదు.

వెబ్ కౌన్సిలింగు సంగతి కూడా చెప్పాలి. కాగితంలో ఇది ఆఫీసుకి వెళ్ళి నిలబడే బాధ తప్పించాలి. కానీ 2025 జూనులో ఆంధ్రాలో ఎస్జీటీలు "మాకు వెబ్ వద్దు, మాన్యువల్ కౌన్సిలింగు కావాలి" అని ఆందోళన చేసి, సాధించుకున్నారు. మనలాంటివాళ్ళకి ఇది తిరోగమనంలా అనిపిస్తుంది. కానీ ఆలోచించండి. జిల్లాలో ప్రాథమిక పాఠశాలలు వేలల్లో ఉంటాయి. నీ ముందున్నవాళ్ళు ఏం తీసుకుంటారో తెలీదు కాబట్టి వందల కొద్దీ బళ్ళని వరసలో పెట్టి ఇవ్వాలి. ఒకటి అటూ ఇటూ అయితే ఎనిమిదేళ్ళు దాని ఫలితం అనుభవించాలి. మాన్యువల్లో అయితే నీ వంతు వచ్చేసరికి మిగిలినవేమిటో ఎదురుగా గోడ మీద కనిపిస్తాయి. ఆ అయిదు నిమిషాల్లో ఒకటి చూసుకుంటావు. సాఫ్ట్‌వేర్ వద్దన్నది టెక్నాలజీ రాక కాదు, ఇంటర్‌ఫేసు తప్పు కాబట్టి.

సముద్రం అవతల ఇంకో కథ
---------------------
రొటేషన్ అన్నమాట ఎత్తగానే అందరూ చెప్పే దేశం జపాన్. "జపాన్లో టీచర్లని కొన్నేళ్ళకోసారి మార్చేస్తారు, అందుకే అక్కడ అన్ని బళ్ళూ ఒకేలా ఉంటాయి" అంటారు. అది సగం నిజం. వాళ్ళు ఏది ముందు చేసారు, ఏది తర్వాత చేసారు అన్నది చూస్తేనే మిగతా సగం తెలుస్తుంది.

మొదట్లో అక్కడ కూడా పంతుళ్ళ జీతం ఊరే ఇచ్చేది. పేద ఊళ్ళు ఇవ్వలేక నానా అవస్థలు పడేవి. 1918లో కేంద్రం కొంత సాయం మొదలుపెట్టింది. 1940లో జీతాల బరువు ఊళ్ళ మీంచి తీసి ప్రిఫెక్చర్ల (మన రాష్ట్రం కన్నా చిన్నది, జిల్లా కన్నా పెద్దది అనుకోండి) మీద పెట్టి, సగం కేంద్రం భరించింది. యుద్ధం తర్వాత మధ్యలో ఒకసారి ఈ సాయం ఆగినా, 1952 చట్టంతో మళ్ళీ వచ్చింది. (2006 నుంచి కేంద్రం వాటా మూడో వంతుకి తగ్గింది.) అంటే ముందు జీతం సమానం చేసారు. ధనిక ఊళ్ళో పనిచేసినా, పేద ఊళ్ళో పనిచేసినా ఒకటే స్కేలు.

తర్వాత 1954లో మారుమూల ప్రాంతాల విద్యాభివృద్ధి చట్టం వచ్చింది. కొండల్లో, ద్వీపాల్లో ఉన్న బళ్ళని దూరాన్ని బట్టి అంచెలు చేసి, అక్కడ పనిచేసేవాళ్ళకి అదనపు భత్యం పెట్టారు. టీచర్లకి ఇళ్ళు కట్టించటం లాంటివి స్థానిక సంస్థల బాధ్యత అన్నారు. మన హెచ్చారేకి సరిగ్గా తలకిందులన్నమాట. మన దగ్గర దూరం వెళితే తగ్గుతుంది, అక్కడ పెరుగుతుంది. అదే ఏడాది "ఇరవై నాలుగు కళ్ళు" అనే సినిమా విడుదలై జపానంతా ఏడిపించింది. షోడో ద్వీపంలో ఒక చిన్న బడికి వచ్చిన టీచరమ్మ, ఆవిడ పన్నెండుమంది పిల్లల కథ అది.

ఇవన్నీ అయ్యాకే 1956లో టీచర్ల నియామకం, బదిలీ అధికారం ప్రిఫెక్చర్ విద్యా బోర్డుల చేతికి ఇచ్చారు. ఏటా ఏప్రిల్ 1న కొత్త విద్యా సంవత్సరం. మార్చి చివర్లో బదిలీలు ప్రకటిస్తారు, స్థానిక పత్రికల్లో పేర్ల జాబితాలు అచ్చవుతాయి. ప్రకటన కోసం ధర్నా అక్కర్లేదు, మార్చి వస్తే బదిలీలు వస్తాయి. ద్వీపాలెక్కువగా ఉన్న ప్రిఫెక్చర్లలో సర్వీసులో ఎప్పుడో ఒకప్పుడు ద్వీపానికి వెళ్ళటం శిక్ష కాదు, వంతు.

అదంతా పూలబాటేం కాదు. 1956 చట్టం అప్పటిదాకా ఎన్నికయ్యే విద్యా బోర్డుల్ని నామినేటెడ్ బోర్డులుగా మార్చింది. టీచర్ల యూనియన్ గట్టిగా ఎదిరించింది. ఎగువ సభలోకి పోలీసుల్ని రప్పించి మరీ చట్టం పాస్ చేయించారు. టీచరుకి తన బదిలీ మీద మన కౌన్సిలింగులో ఉన్నంత హక్కు అక్కడ లేదు, పైవాళ్ళు వేసిన చోటికి వెళ్ళాలి. మన దగ్గర అలాంటి అధికారం ఎవరి చేతికన్నా ఇస్తే మళ్ళీ తాలూకా బోర్డు ప్రెసిడెంటు రోజులే వస్తాయని నా భయం. కాబట్టి జపాన్ని దించెయ్యమని నేననటం లేదు. వాళ్ళ దగ్గర తీసుకోవాల్సింది వరస: ముందు డబ్బు, తర్వాత ఇల్లు, ఆ తర్వాతే బదిలీ. మనం మొదటి రెండూ వదిలేసి మూడోదాని చుట్టూ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం.

మన భాషలో చెప్పాలంటే
---------------------
ప్రొడక్షన్ సపోర్టులో నైట్ షిఫ్టు ఎవరు చెయ్యాలి? పాయింట్ల ప్రకారం కోరుకోమంటే ఏమవుతుందో మీకు తెలుసు. ఏ ఏడాది చూసినా నైట్ షిఫ్టులో ఫ్రెషర్లే ఉంటారు. రాత్రి రెండింటికి డేటాబేసు పడిపోయినప్పుడు, వ్యవస్థ గురించి అందరికన్నా తక్కువ తెలిసినవాడు ఫోనెత్తుతాడు. అందుకే బుర్రున్న మేనేజర్లు రోటా వేస్తారు. అందరికీ వంతు, వారం ముందే తెలుస్తుంది, నైట్ అలవెన్సు ఉంటుంది, ఇంట్లో పసిబిడ్డ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంటుంది. ఆ మినహాయింపు కూడా వంతు వాయిదా వెయ్యటమే, రద్దు కాదు. ఇది ఉద్యోగికి న్యాయం చెయ్యటానికి మాత్రమే కాదు, సర్వరు నిలబడాలని.

బదిలీల్లో కూడా ఒక చట్టం సర్వరు వైపు నుంచి మాట్లాడింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం. ఏ బడిలోనూ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదంటుంది. ఇద్దరు టీచర్లున్న బడిలో ఒకరు బదిలీ అయి వెళ్ళిపోతే ఖాళీ 50 శాతం. ఈ ఒక్క వాక్యాన్ని కౌన్సిలింగు సాఫ్ట్‌వేర్లో రూలుగా పెడితే చాలా మారుతుంది. టౌనులో మూడో పోస్టు నిండేముందు వాగు అవతల రెండో పోస్టు నిండాలి. అప్పుడు ఖాళీల్ని దాచిపెట్టక్కర్లేదు, ఎందుకు ఆపారో అందరి ముందూ చెప్పొచ్చు.

"మరి ఆడవాళ్ళు అంత దూరం ఎలా వెళ్ళొస్తారు? పసిపిల్లల సంగతేంటి?" అంటారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఇల్లు, భత్యం, బస్సు ముందు రావాలన్నది. "పిల్లలకి అలవాటైన టీచర్ని మారిస్తే నష్టం కదా?" అని ఇంకో ప్రశ్న. అదీ నిజమే. కానీ మారుమూల బడిలో ఇప్పుడు మాత్రం టీచరు ఎక్కడ నిలుస్తున్నాడు? రెండేళ్ళకి పారిపోయే ఫ్రెషరు కన్నా, అయిదేళ్ళు ఉంటానని తెలిసి, భత్యం తీసుకుని, వెనక్కి వెళ్ళే చోటుందన్న భరోసాతో వచ్చిన పదిహేనేళ్ళ అనుభవజ్ఞుడు నయం కాదా?

కొండ మీద బళ్ళ సంగతి మళ్ళీ వేరు. అక్కడ పిల్లల భాష వచ్చినవాళ్ళు కావాలి. సుప్రీంకోర్టు కాదన్నది నూరు శాతాన్నే గానీ భాష అవసరాన్ని కాదు. చిన్న తరగతులకి ఊరి భాష వచ్చినవాళ్ళు స్థిరంగా ఉండాలి, పై తరగతుల సబ్జెక్టులకి వంతులవారీగా సీనియర్లు రావాలి. రెండింటికీ ఒకే జీవో రాస్తే రెండూ చెడతాయి.

సిఫారసు ఉత్తరం నుంచి క్యూ దాకా రావటానికి మనకి చాలా దశాబ్దాలు పట్టింది. అది చిన్న విజయమేం కాదు, టీచర్లు కొట్లాడి తెచ్చుకున్నారు. కాకపోతే క్యూలో నిలబడటానికి బడికి కాళ్ళు లేవు, ధర్నా చెయ్యటానికి నాలుగో తరగతి పిల్లాడికి యూనియన్ లేదు. ఈసారి బదిలీల షెడ్యూలు పేపర్లో కనబడితే, ఎంతమంది టీచర్లకి కోరుకున్న చోటు దొరికిందన్న అంకెతోపాటు, బదిలీలయ్యాక ఎన్ని బళ్ళల్లో ఒక్కరే మిగిలారన్న అంకె కూడా వేసారేమో వెతకండి. ఆ రెండో అంకె ప్రభుత్వం దగ్గర ఉంటుంది. అడిగేవాళ్ళే లేరు.